పట్టా ఒకరిది, పెత్తనం ఇంకొకరిది: నునావుట్ మీద మీ ప్రశ్నలు

కిందటి సంచికలో ఓ మూలన నాలుగు లైన్లు వేశాం. కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్‌కి అక్కడి భూమి, మంచినీళ్లు, ఖనిజాల మీద అధికారాలు అప్పగించడానికి 2024 జనవరి 18న నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌లో ఒప్పందం కుదిరిందని, 2027 ఏప్రిల్ 1 నుంచి అమలని, అంతే. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేనైతే అనుకోలేదు. ఒకే అర్థం వచ్చేవి కలిపేశాను, బాగా పొడుగ్గా ఉన్నవి కుదించాను, కోప్పడకండి.

ప్ర: సార్, మీరు రాసింది రెండుసార్లు చదివినా అర్థం కాలేదు. నునావుట్ ఇప్పుడు కొత్త రాష్ట్రం అయినట్టా, లేక ఏకంగా దేశమే అయినట్టా? (రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం)

జ: రెండూ కాదు మాస్టారూ. తప్పు నాదే, నాలుగు లైన్లలో ఇరికించబోయాను.

కెనడాలో మన రాష్ట్రాల్లాంటి ప్రావిన్సులు 10, టెరిటరీలు 3 ఉన్నాయి. ప్రావిన్సుకి అధికారాలు రాజ్యాంగంలోనే రాసి ఉంటాయి కాబట్టి దేశ రాజధాని ఒట్టావాలో కూర్చున్నవాళ్లు బుద్ధి పుట్టినప్పుడు లాక్కోలేరు. టెరిటరీ మాత్రం పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది, మన పుదుచ్చేరి లాగా అసెంబ్లీ ఉంటుంది, ప్రభుత్వం ఉంటుంది, కానీ అసలు తాళాలు కేంద్రం దగ్గరే. బడులు, ఆసుపత్రులు, ఇళ్లు లాంటివి నునావుట్ ప్రభుత్వం చూసుకుంటుంది గానీ, ప్రభుత్వ భూమిలో ఎవరైనా గని తవ్వుతాం అని వస్తే అనుమతి ఇచ్చేది రెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్న కేంద్ర మంత్రి. ఇప్పుడు మారబోయేది అదే.

ఇందులో ఓ మెలిక ఉంది. 2027 తర్వాత కూడా ఆ భూమి కాగితాల మీద కెనడా రాజ్యానిదే. బదిలీ అయ్యేది దాన్ని నిర్వహించే అధికారం, దాని మీద నిర్ణయాలు తీసుకునే హక్కు. ఊళ్లల్లో చూస్తూనే ఉంటాం కదా, పొలం పట్టా పట్నంలో ఉన్న అన్నగారి పేరు మీద ఉంటుంది, కౌలు ఎవరికివ్వాలి, బోరు ఎక్కడ వేయాలి, గట్టు మీద చెట్టు కొట్టాలా వద్దా అన్నది మాత్రం ఊళ్లో ఉన్న తమ్ముడే చూసుకుంటాడు. నునావుట్‌ది ఇకమీదట ఆ తమ్ముడి స్థానం.

ప్ర: 1999లోనే నునావుట్ ఏర్పడింది అని పోటీ పరీక్షల పుస్తకంలో చదివాం. అప్పుడే ఇచ్చేయకుండా ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? (గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న పాఠకురాలు, హన్మకొండ)

జ: మంచి ప్రశ్న అమ్మా, పరీక్షలో రాకపోవచ్చు గానీ అసలు కథ ఇక్కడే ఉంది.

1993లో అక్కడి ఆదివాసీలైన ఇనుయిట్ ప్రజలకీ కెనడా ప్రభుత్వానికీ మధ్య భూమి ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఇనుయిట్‌లకి సుమారు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్ల భూమి సొంతంగా వచ్చింది. ఆంధ్రా, తెలంగాణ రెండూ కలిపినా అంత ఉండదు. అయితే అందులో భూగర్భంలోని ఖనిజాల మీద కూడా హక్కు ఉన్నది దాదాపు పదో వంతుకే, మిగతా చోట పైనేల వాళ్లది, కింద ఉన్నది ప్రభుత్వానిది. ఆ ఒప్పందంలో భాగంగానే వాయవ్య భూభాగాలు అనే ఇంకో టెరిటరీ నుంచి విడదీసి 1999 ఏప్రిల్ 1న నునావుట్‌ని ఏర్పాటు చేశారు. మొత్తం విస్తీర్ణం దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే కెనడాలో అయిదో వంతు. అందులో ఇనుయిట్‌లకి వచ్చింది పోను మిగిలిన మహా భాగం మీద పెత్తనం ఒట్టావా దగ్గరే ఉండిపోయింది.

చర్చలు ఎలా జరగాలో రాసుకోవడానికే 2008 వచ్చింది. ప్రాథమిక ఒప్పందం 2019 ఆగస్టులో. తుది సంతకాలు 2024లో, ప్రధాని ట్రూడో, నునావుట్ ప్రీమియర్ (ముఖ్యమంత్రి లాంటి పదవి) పి.జె. అకీగోక్, ఇనుయిట్‌ల తరఫున నునావుట్ టుంగవిక్ సంస్థ అధ్యక్షురాలు అలూకి కోటియర్క్ కలిసి పెట్టారు. సంతకం పెట్టాక కూడా చట్టాలు రాసుకోవడానికి, ఉద్యోగులను సమకూర్చుకోవడానికి మూడేళ్లు.

ఇది నునావుట్‌కి మాత్రమే పట్టిన శని అనుకోకండి. ఆల్బర్టా, సస్కచెవాన్ 1905లో ప్రావిన్సులు అయ్యాయి, వాటి భూములు, గనులు వాటి చేతికి వచ్చింది 1930లో. మానిటోబా అయితే 1870లో ప్రావిన్సు అయ్యి అరవై ఏళ్లు కాచుకుంది. రైలు మార్గాలు వేయించాలి, వలస వచ్చినవాళ్లకి పొలాలు పంచాలి, అందుకని భూమి మా దగ్గరే ఉండాలి అని అప్పట్లో కేంద్రం వాదన. ఉత్తరాన చూస్తే మూడో టెరిటరీ యూకాన్‌కి 2003లో, వాయవ్య భూభాగాలకి 2014లో వచ్చింది. ఇద్దరికీ ఏప్రిల్ 1నే. ఆ తేదీ మీద నాకు నవ్వొస్తుంది గానీ కారణం సాదాసీదా, వాళ్ల ఆర్థిక సంవత్సరం మనలాగే ఆ రోజే మొదలవుతుంది.

ప్ర: నేను ఆల్బర్టాలోని ఎడ్మంటన్‌లో ఉంటాను, వాయవ్య భూభాగాల్లో వజ్రాల గనికి రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ అన్నట్టు డ్యూటీకి వెళ్తుంటాను. ప్రతి జీతం స్లిప్పులో 2 శాతం పేరోల్ ట్యాక్స్ అని కోత పడుతోంది. అక్కడ 2014లోనే అధికారాలు వచ్చాయి కదా, మరి గనుల డబ్బంతా వాళ్లదే అయితే నా జీతం మీద ఎందుకు పడ్డారు?

జ: తమ్ముడూ, ఆ కోత 2014 తర్వాత వచ్చింది కాదు, 1993 నుంచీ ఉంది. ఎందుకు పెట్టారో చెబితే నీ కోపం కొంచెం తగ్గుతుందేమో. నువ్వు పని చేసేది అక్కడ, కానీ ఇల్లు ఆల్బర్టాలో కాబట్టి నీ ప్రాంతీయ ఆదాయపు పన్ను ఆల్బర్టాకి పోతుంది. నీలాంటివాళ్లు విమానాల్లో వస్తూ పోతూ ఉంటే ఆ గడ్డ మీద సంపాదన జరుగుతుంది, పన్ను మాత్రం దక్షిణాదికి ఎగిరిపోతుంది. కనీసం ఇదైనా దక్కించుకుందాం అని ఆ 2 శాతం. నునావుట్‌లోనూ ఇదే పన్ను ఉంది.

ఇక ‘గనుల డబ్బంతా వాళ్లదే’ అన్నావు చూడు, అక్కడ చాలామంది పొరపడతారు. ఉత్తరాది ప్రభుత్వాలు బతికేది ప్రధానంగా ఒట్టావా ఏటా పంపే డబ్బు మీద. నీ సొంత ఆదాయం పెరిగింది కాబట్టి నేనిచ్చేది తగ్గిస్తా అనడం కేంద్రానికి సహజం. అందుకని 2014 ఒప్పందంలో ఓ లెక్క వేశారు. ప్రభుత్వ భూముల నుంచి వచ్చే ఖనిజ, చమురు రాబడిలో సగం దాకా వాయవ్య భూభాగాలు ఉంచుకోవచ్చు, ఆ సగానికి కూడా ఓ గరిష్ఠ పరిమితి ఉంది, బడ్జెట్ అవసరాల లెక్కలో 5 శాతం దాటకూడదు. మిగతాది ఒట్టావాకే. వాళ్లకి దక్కిన దాంట్లోంచి మళ్లీ 25 శాతం ఒప్పందంలో చేరిన ఆదివాసీ ప్రభుత్వాలకి ఇవ్వాలి. తీరా లెక్క తేలేసరికి, పేపర్లో పెద్దక్షరాల్లో కనిపించిన అంకెకీ ఖజానాలో పడే అంకెకీ చాలా దూరం ఉంటుంది.

పైగా వజ్రాలు ఎల్లకాలం దొరకవు. ఎకాటి గని 1998లో, డయావిక్ గని 2003లో మొదలయ్యాయి. స్నాప్ లేక్ 2008లో తెరిచి 2015లోనే మూసేశారు. అధికారం చేతికి వచ్చిన ఏడాదిన్నరకే ఓ పెద్ద గని మూతపడిందన్నమాట. కొల్లూరు వజ్రాల కథ విన్న మనకి ఇది కొత్తగా చెప్పాలా?

వాయవ్య భూభాగాల్లోనే ఉన్న నార్మన్ వెల్స్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ 1920 నుంచీ చమురు తెలుసు, ఆ క్షేత్రంలో కేంద్రానికి మూడో వంతు వాటా ఉంది. 2014లో అంతా అప్పగించేటప్పుడు ఆ ఒక్కదాన్ని మాత్రం పక్కన పెట్టుకున్నారు. ఇల్లంతా నీదేరా అని చెప్పి పెరట్లో కాసే కొబ్బరి చెట్టు మాత్రం నాది అన్నట్టు.

ప్ర: అక్కడ చవగ్గా ప్లాటు ఏమైనా దొరుకుతుందా? జనం తక్కువ, స్థలం ఎక్కువ అంటున్నారుగా. (రియల్ ఎస్టేట్ మిత్రుడు, మియాపూర్)

జ: మీరు రాకపోతే ఈ కాలమ్‌కి నిండుతనం రాదు సార్. నునావుట్ ఊళ్లలో మున్సిపల్ భూమి అమ్మరు, లీజుకి ఇస్తారు. అమ్ముదామా అని 2016లో ఊరూరా ఓటింగ్ పెట్టారు. 25 ఊళ్లుంటే 25 ఊళ్లూ వద్దన్నాయి. ఇల్లు కట్టుకోవచ్చు, నేల మాత్రం ఊరిది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు కూడా లేదు, విమానమో, వేసవిలో పడవో, చలికాలంలో మంచు బండో. వెంచరు వేద్దామనుకుంటే గేటు ఎటువైపు పెడతారో ఆలోచించుకోండి.

ప్ర: పాత గనుల కాలుష్యం సంగతేంటి? అధికారం ఇచ్చారు అంటే ఆ చెత్త కూడా వీళ్ల నెత్తినే పడ్డట్టేనా? (కెమిస్ట్రీ లెక్చరర్, నెల్లూరు)

జ: మీ ఉత్తరం చదివాక కాసేపు పెన్ను పక్కన పెట్టాను మేడమ్. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే, సంతకాల ఫొటోల్లో మాత్రం కనిపించదు.

వాయవ్య భూభాగాల రాజధాని ఎల్లోనైఫ్ ఊరి పక్కనే జెయింట్ మైన్ అని పాత బంగారు గని ఉంది. 1948 నుంచి అర్ధ శతాబ్దం పైన తవ్వారు. అక్కడి ఖనిజంలో బంగారం ఆర్సెనిక్‌తో కలిసి ఉంటుంది, దాన్ని విడదీయడానికి కాలుస్తారు, కాలిస్తే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ పొడి వస్తుంది. మీకు వేరే చెప్పక్కర్లేదు, అది తెల్లగా సున్నంలా ఉంటుంది, నీళ్లలో కరుగుతుంది, చెంచాలో కొంచెం చాలు మనిషి పోవడానికి. మొదట్లో పొగ గొట్టంలోంచి నేరుగా గాల్లోకి వదిలేవారు. అది మంచు మీద పడేది. ఆ మంచునే కరిగించి తాగే డెనే ఆదివాసీ కుటుంబాల్లో 1951లో ఓ పసివాడు చనిపోయాడు. తర్వాత్తర్వాత ఆ పొడిని పట్టి భూగర్భంలో గదులు చేసి అందులో నింపారు. ఇప్పటికీ అక్కడే ఉంది, 2 లక్షల 37 వేల టన్నులు.

గని నడిపిన చివరి పెద్ద కంపెనీ 1999లో దివాలా తీసింది. లాభాలు పంచుకున్నవాళ్లు పంచుకున్నారు, పొడి మాత్రం ప్రభుత్వం ఒళ్లో పడింది. ఇప్పుడు చేస్తున్నది ఏమిటంటే ఆ గదుల చుట్టూ నేలని గడ్డకట్టించి నీళ్లు లోపలికి రాకుండా ఆపడం. పైపులు దించి, చలికాలపు చల్లదనాన్ని కిందికి పంపి, వేసవిలోనూ కరగకుండా నిలపడం. ఎన్నేళ్లు అంటే మొదట శాశ్వతంగా అన్నారు, సమీక్షలో దాన్ని వందేళ్లకి పరిమితం చేశారు. 2022లో వేసిన అంచనా ప్రకారం ఖర్చు దాదాపు 438 కోట్ల కెనడా డాలర్లు. వాతావరణం వేడెక్కుతున్న రోజుల్లో నేలని వందేళ్లు గడ్డకట్టించి ఉంచుతాం అనడం వింటే నాకు గుండె దడగా ఉంటుంది, మీరు కెమిస్ట్రీ మనిషి, మీరే చెప్పాలి.

ఇంతకీ మీ ప్రశ్నకి జవాబు. 2014లో అధికారాలు తీసుకునేటప్పుడు వాయవ్య భూభాగాలు గట్టిగా పట్టుబట్టిన విషయాల్లో ఇదొకటి. జెయింట్ మైన్ శుభ్రం చేసే బాధ్యత ప్రధానంగా కేంద్రం దగ్గరే ఉండిపోయింది. యూకాన్‌లో కూడా ఫారో అని ఓ పాత సీసం, జింకు గని ఉంది, దాని భారమూ కేంద్రానిదే. అంటే బదిలీకి ముందు జరిగిన పాపం పాత యజమానిది, తర్వాత జరిగేది కొత్త యజమానిది అన్నది స్థూలంగా సూత్రం.

ఆ రెండో సగమే భయపెట్టేది. 2024 జూన్ 24న యూకాన్‌లో ఈగిల్ బంగారు గని దగ్గర, సయనైడ్ ద్రావణం పోసి బంగారం తీసే ఖనిజపు గుట్ట కుప్పకూలింది. లక్షల టన్నులు జారిపోయాయి, సయనైడ్ కలిసిన నీళ్లు బయటికి వచ్చాయి. ఆగస్టులో ఆ కంపెనీని రిసీవర్ (కోర్టు నియమించే నిర్వాహకుడు) చేతిలో పెట్టమని కోర్టుకి వెళ్లింది ఎవరో తెలుసా, ఒట్టావా కాదు, యూకాన్ ప్రభుత్వమే. ఎందుకంటే 2003 తర్వాత అనుమతులు వాళ్లవి, తనిఖీలు వాళ్లవి, కాబట్టి తలనొప్పి కూడా వాళ్లదే. మొత్తం జనాభా 50 వేలు కూడా లేని ప్రాంతం అది. నాచో న్యాక్ డన్ అనే ఆదివాసీ ప్రభుత్వం వాళ్ల సంప్రదాయ భూమి అది, మేం ముందునుంచీ చెబుతూనే ఉన్నాం అన్నారు వాళ్లు.

నునావుట్ ఒప్పందం మంచిదా చెడ్డదా అని నన్ను చాలామంది అడిగారు. గని తెరిచే ముందే, దాన్ని మూసి శుభ్రం చేయడానికి సరిపడా డబ్బు కంపెనీ దగ్గర డిపాజిట్ కట్టించుకుంటారా లేదా, ఆ అంకె వేసేది ఎవరు, వాళ్లకి ‘ఇది చాలదు’ అనే ధైర్యం ఉంటుందా, అవి చూసి చెబుతాను. మిగతా ఉపన్యాసాలన్నీ నాకు తర్వాతే.

ప్ర: మాది పాడేరు వైపు. మా దగ్గర బాక్సైట్ గొడవలప్పుడు గ్రామసభ అనుమతి అన్నారు, సమత తీర్పు అన్నారు. అక్కడి ఇనుయిట్‌లకి ఉన్నది, మాకు ఉన్నది ఒకటేనా? (డిగ్రీ విద్యార్థి)

జ: ఒకటి కాదు బాబూ, కానీ నువ్వు పోల్చడంలో తప్పు లేదు.

1997 సమత తీర్పు ఏం చెప్పింది? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనుల లీజుకి ఇవ్వకూడదు అని, అనంతగిరి మండలం వైపు వచ్చిన కేసులో. దాని వెనక 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం గ్రామసభకి మాట ఇచ్చింది. ఇవన్నీ కవచాలు. బయటివాడు వచ్చి లాక్కోకుండా కాపాడతాయి, కాపాడినంత మేరకు. కానీ గని తవ్వాలా వద్దా, తవ్వితే ఏ షరతుల మీద అని కూర్చుని నిర్ణయించే బల్ల దగ్గర మీకు కుర్చీ మాత్రం గట్టిగా వేయలేదు.

ఇనుయిట్‌లకి 1993 ఒప్పందంతో ఆ కుర్చీ దొరికింది. గని ప్రభావాన్ని పరిశీలించే నునావుట్ ప్రభావ సమీక్షా బోర్డు, నీళ్ల బోర్డు, ప్రణాళికా సంఘం, వీటిలో సభ్యులని సూచించే హక్కు ఇనుయిట్ సంస్థలకి ఉంది. ఆ ఒప్పందానికి కెనడా రాజ్యాంగపు రక్షణ ఉంది. అధికారాల బదిలీ తర్వాత కూడా ఆ బోర్డులు అలాగే ఉంటాయి, వాటి నివేదిక వెళ్లే మంత్రి మారతాడు.

అయితే పేపరు మీద కుర్చీ ఉంటే చాలు అనుకోకు. వాయవ్య భూభాగాలకి అధికారాలు ఇచ్చిన 2014 చట్టంలోనే, ఆదివాసీ ఒప్పందాల కింద ఏర్పడిన ప్రాంతీయ భూమి, నీళ్ల బోర్డులని ఎత్తేసి ఒకే పెద్ద బోర్డు పెడతాం అని ఇంకో నిబంధన చేర్చారు. ఇటు చేత్తో ఇచ్చి అటు చేత్తో లాగడం. ట్లిచో అనే ఆదివాసీ ప్రభుత్వం కోర్టుకెళ్లింది, 2015లో కోర్టు ఆ మార్పుని నిలిపేసింది, 2019లో పార్లమెంటే దాన్ని రద్దు చేసుకుంది.

యూకాన్‌లో ఇంకో ముచ్చట. పీల్ నది పరీవాహక ప్రాంతానికి ఏళ్లపాటు కూర్చుని ఓ ప్రణాళిక రాశారు, చాలా భాగం కాపాడాలి అని. చివర్లో యూకాన్ ప్రభుత్వం తనకు నచ్చినట్టు మార్చేసింది. ఈసారి ఆదివాసీలు పోట్లాడింది ఒట్టావాతో కాదు, పక్క వీధిలో ఉన్న సొంత ప్రాంతీయ ప్రభుత్వంతో. సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 1న వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది, చివరికి 2019లో ఆమోదించిన ప్రణాళికలో 83 శాతం ప్రాంతానికి రక్షణ దొరికింది. అధికారం ఢిల్లీ నుంచి అమరావతికో హైదరాబాదుకో వచ్చినంత మాత్రాన పాడేరుకి వచ్చినట్టు కాదు, ఇది నీకు నేను చెప్పాలా.

ప్ర: ఇకపై ఇకాలుయిట్‌లోనే మంత్రి ఉంటాడు కాబట్టి గనులకి గబగబా అనుమతులు ఇచ్చేస్తారా? లేక ఆపేస్తారా? మీ అంచనా చెప్పండి. (పాఠకుడు, కరీంనగర్)

జ: అంచనా అడిగారు కాబట్టి చెబుతాను, తప్పయితే 2030లో ఉత్తరం రాయండి.

నునావుట్‌లోని బాఫిన్ దీవిలో మేరీ రివర్ అని ఇనుప ఖనిజం గని ఉంది. ఏడాదికి 60 లక్షల టన్నుల నుంచి 1 కోటి 20 లక్షల టన్నులకి పెంచుతాం, 110 కిలోమీటర్ల రైలు మార్గం వేస్తాం అని కంపెనీ అడిగింది. పాండ్ ఇన్‌లెట్, ఆర్కిటిక్ బే ఊళ్ల వేటగాళ్లకి భయం. ఓడలు పెరిగితే నార్వాల్ తిమింగలాలు పోతాయి, రైలు అడ్డం వస్తే కారిబూ జింకలు దారి మార్చుకుంటాయి. వాళ్లకి అవి చూడ్డానికి అందంగా ఉండే జంతువులు కావు, కంచంలో తిండి. మీరు ఓసారి అక్కడి దుకాణంలో కూరగాయల ధరలు చూస్తే వేట ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. 2021 ఫిబ్రవరిలో కొందరు వేటగాళ్లు ఆ ఎముకలు కొరికే చలిలో గని రోడ్డు మీద, విమానాల రన్‌వే మీద అడ్డంగా కూర్చున్నారు. సమీక్షా బోర్డు 2022 మేలో వద్దని సిఫారసు చేసింది. నవంబరులో కేంద్ర మంత్రి డాన్ వాండల్ ఆ సిఫారసుని ఒప్పుకుని విస్తరణకి కుదరదన్నాడు.

ఇప్పుడు ఇదే ఫైలు 2027 తర్వాత వచ్చింది అనుకోండి. కాదు అంటే ఒట్టావా మంత్రికి పోయేది పెద్దగా ఏమీ లేదు, ఆయన బడ్జెట్ సముద్రం లాంటిది. ఇకాలుయిట్ మంత్రికి అలా కాదు. ఆ గని ఉద్యోగాలు ఆయన ఊరివాళ్లవి, ప్రభుత్వ భూమిలోని గని అయితే రాయల్టీలో వాటా ఆయన బడ్జెట్‌కే, ఇళ్ల కొరతతో ఒక్కో ఇంట్లో మూడు తరాలు సర్దుకుంటున్న చోట ఆ డబ్బు వద్దు అనడం అంత తేలిక కాదు. ఇటువైపు చూస్తే, ఆ వేటగాళ్లు కూడా ఆయనకి పరాయివాళ్లు కాదు, ఎవరో ఒకరు బావమరిది అవుతారు, రేపు విమానాశ్రయంలో ఎదురుపడతారు. సుమారు 40 వేల జనం, అంటే మన దగ్గర ఓ మామూలు మండలం. మండలంలో మొహం చాటేయడం ఎంత కష్టమో మనకి తెలుసు.

నా అంచనా: మొదటి కొన్నేళ్లు చిన్న ప్రాజెక్టులకి అనుమతులు త్వరగానే వస్తాయి, పెద్దవి మాత్రం ఇంకా ఆలస్యమవుతాయి. ఒట్టావా మీద నెపం వేసే సౌకర్యం పోయింది కదా. ఒకటి మర్చిపోవద్దు, సముద్రంలో చేపలు, తిమింగలాలు, ఓడల రాకపోకలు ఇంకా కేంద్రం చేతిలోనే ఉంటాయి, కాబట్టి మేరీ రివర్ లాంటి ఫైలు పూర్తిగా ఒకే బల్ల మీద తేలదు.

ప్ర: గ్రీన్‌లాండ్‌కి కూడా ఇలాగే ఇచ్చారా?

జ: ఇంకా ఎక్కువే ఇచ్చారు. 2009 స్వపరిపాలన చట్టం వచ్చాక 2010 నుంచి ఖనిజాలు గ్రీన్‌లాండ్ చేతిలోకి వచ్చాయి. 2021 ఎన్నికల్లో, యురేనియం కూడా ఉన్న క్వానెఫెల్డ్ గని ప్రతిపాదన మీదే ప్రధానంగా పోటీ జరిగి, వద్దన్న పార్టీ గెలిచింది, అదే ఏడాది యురేనియం తవ్వకాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. డెన్మార్క్ ఏటా పంపే డబ్బు మీద ఆధారపడటం మాత్రం తగ్గలేదు, గనుల రాబడి ఓ హద్దు దాటితే ఆ డబ్బులో కోత పడుతుంది. గ్రీన్‌లాండ్ గురించి ఇంకో సంచికలో విడిగా రాస్తాను, ఉత్తరాలు ఆ విషయంగా కూడా గుట్టలా ఉన్నాయి.

ప్ర: అధికారాలు సరే, పని చేసేవాళ్లేరి? జియాలజిస్టులు, సర్వేయర్లు, లాయర్లు అంతమంది ఆ మంచులో దొరుకుతారా? (సర్వే శాఖలో పనిచేసి రిటైర్ అయిన పాఠకుడు, అనంతపురం)

జ: సర్వే శాఖ మనిషి కాబట్టి సూటిగా అక్కడికే వచ్చారు. దొరకరు, అదే అసలు టెన్షన్.

1993 ఒప్పందంలో 23వ అధికరణం ఉంది. జనాభాలో ఇనుయిట్‌లు ఎంత శాతమో ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ అన్ని స్థాయుల్లో అంత ఉండాలి అని. జనాభాలో వాళ్లు సుమారు 85 శాతం. ఉద్యోగాల్లో సగం దగ్గర ఆగిపోయారు, అదీ ఎక్కువ కింది స్థాయిల్లో. పై కుర్చీల్లో దక్షిణాది నుంచి వచ్చి రెండేళ్లు ఉండి పోయేవాళ్లే ఎక్కువ. ఈ శిక్షణ మాటలన్నీ నిలబెట్టుకోలేదని టుంగవిక్ సంస్థ 2006లో కేంద్రం మీద కేసు వేసింది, 2015లో 25 కోట్ల 55 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది, అందులో చాలా భాగం ఉద్యోగ శిక్షణకే. అయినా పోస్టులు ఖాళీగానే ఉంటున్నాయి, ఎందుకంటే మనిషిని పిలిస్తే ఇల్లు చూపించాలి, ఇల్లు లేదు.

2027 ఏప్రిల్ 1న జరిగేది చాలావరకు ఇదీ. ఇకాలుయిట్‌లో ఇప్పుడు ఈ పని చూస్తున్న కేంద్ర ఉద్యోగులకి నునావుట్ ప్రభుత్వం ఉద్యోగాలు ఇవ్వజూపుతుంది. ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకుంటారు, కొందరు ఒట్టావాలోనే ఇంకో సీటు చూసుకుంటారు. ఒప్పుకున్న మనిషి మర్నాడు పొద్దున అదే కోటు వేసుకుని, పాత లీజుల ఫైళ్ల మధ్యకే వచ్చి కూర్చుంటాడు. జీతం వేసేవాడు మారాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే, వేసవిలో తనిఖీకి విమానం ఎక్కాల్సింది మాత్రం ఇప్పుడు ఆయనొక్కడే.

మీరు రాశారు చూడండి, ‘రాష్ట్రం విడిపోయినప్పుడు మా ఆఫీసులో ఫైళ్లు పంచుకోవడానికే రెండేళ్లు పట్టింది’ అని. ఆ ఉత్తరం అట్టే పెట్టుకున్నాను సార్, 2029లో మళ్లీ చూస్తాను.